బొచ్చుతోలు చెడని తూటా: ఉత్తర అమెరికా కయోటీ వేటలో రైఫిల్ మందుగుండు ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉత్తర అమెరికాలో కయోటీని ఒకవైపు పశువుల మందలకు శత్రువుగా, మరొకవైపు విలువైన బొచ్చుతోలునిచ్చే జంతువుగా చూశారు. మొదటి దృష్టికి జంతువు చస్తే చాలు. రెండో దృష్టికి తోలు చెడకుండా చావాలి. ఈ రెండో అవసరం నుంచి వేటగాళ్లలో ‘తోలుకు హాని చేయని తూటా’ అనే భావన స్థిరపడింది. ఆ తూటా తోలును కాపాడే ఉద్దేశంతోనే రూపొందిందని సాధారణంగా భావిస్తారు. చరిత్ర క్రమం అందుకు భిన్నంగా ఉంది. వేరే ప్రాంతంలో, వేరే జంతువు కోసం, వేరే కారణంతో తయారైన తూటాలను 1970ల నాటి చట్టాలు, బొచ్చు గిరాకీ కలిసి కయోటీ వేటలోకి తెచ్చాయని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది. తోలును కాపాడిన లక్షణమే తరువాతి కాలంలో సీసకాలుష్య చర్చకు మూలమైన తీరును కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కయోటీ, బొచ్చుతోలు, రైఫిల్, తూటా, గుండు, స్ట్రిక్నిన్, డమ్‌డమ్, సీసం, బొచ్చు వ్యాపారం.

1. ఉపోద్ఘాతం:

కయోటీ కుక్కజాతికి చెందిన మధ్యతరహా జంతువు. మన గుంటనక్కకు దగ్గరి బంధువు, తోడేలు కన్నా చిన్నది. సాధారణంగా 9 నుంచి 16 కిలోల బరువుంటుంది. దాని పేరు మెక్సికో ప్రాంతపు నహువాటల్ భాషలోని ‘కొయొట్ల్’ అనే మాట నుంచి స్పానిష్ ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. 1804లో మిస్సోరీ నది వెంట సాగిన లూయిస్, క్లార్క్ బృందం దీనిని ‘ప్రెయిరీ తోడేలు’గా నమోదు చేసింది. 1823లో థామస్ సే అనే ప్రకృతి శాస్త్రవేత్త దీనికి ‘కానిస్ లాట్రాన్స్’ అనే శాస్త్రీయ నామం పెట్టాడు. ‘మొరిగే కుక్క’ అని దాని అర్థం.

కయోటీ గురించిన చరిత్ర రచన ప్రధానంగా ప్రభుత్వ నిర్మూలన విధానాల చుట్టూ, విషప్రయోగం చుట్టూ సాగింది. 1951లో స్టాన్లీ యంగ్, హార్ట్లీ జాక్సన్ వెలువరించిన ‘ది క్లెవర్ కయోటీ’, 2016లో డాన్ ఫ్లోరెస్ రాసిన ‘కయోటీ అమెరికా’ ఈ కోవలో ముఖ్యమైన గ్రంథాలు. తూటా ఎంపికను మాత్రం వేటగాళ్ల సాంకేతిక విషయంగానే ఎంచడం కనిపిస్తుంది. అయితే ఏ తూటా వాడాలన్న చిన్న నిర్ణయంలో బొచ్చు ధర, విషంపై చట్టం, సైనిక అవసరాలు, జంతువు బాధపై సమాజానికున్న అభిప్రాయం అన్నీ ఇమిడి ఉన్నాయి. ఆ నిర్ణయాన్ని చరిత్రగా చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వ్యాసంలో ‘తూటా’ అన్నప్పుడు ఇత్తడి కోశం, మందు, గుండు కలిసిన మొత్తాన్నీ, ‘గుండు’ అన్నప్పుడు గొట్టం నుంచి బయటికి దూసుకుపోయే భాగాన్ని మాత్రమే గ్రహించాలి.

2. బొచ్చుతోలు విలువను నిర్ణయించే అంశాలు:

తూటా ఎంపిక అర్థం కావాలంటే ముందు తోలు వ్యాపారి దృష్టి తెలియాలి. కయోటీ తోలు ఏడాది పొడవునా ఒకే విలువ చేయదు. చలి ముదిరాక, నవంబరు చివరి నుంచి జనవరి దాకా బొచ్చు ఒత్తుగా పెరుగుతుంది. ఆ దశలో తోలు లోపలివైపు తెల్లగా ఉంటుంది. ముందే చంపిన జంతువు తోలు నీలిరంగు తిరిగి ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి కూడా ధర మారుతుంది. మోంటానా, డకోటా రాష్ట్రాలు, కెనడాలోని ఆల్బర్టా, సస్కాచువాన్ ప్రాంతాలనుంచి వచ్చే లేతరంగు, ఒత్తు బొచ్చు తోళ్లకు ఎక్కువ ధర పలుకుతుంది. దక్షిణ ప్రాంతాల పలుచని ముతక తోళ్లకు గిరాకీ తక్కువ.

కయోటీ తోలును పొట్ట వెంట చీల్చి విప్పరు. వెనుక కాళ్ల దగ్గర కోసి, మేజోడు విడిచినట్టు తలవైపుకు గొట్టంలా లాగుతారు. కొవ్వు, మాంసం గీకి, పొడవాటి చట్రానికి తొడిగి ఆరబెడతారు. మొదట తోలువైపు బయటికి, కొంత ఆరాక బొచ్చువైపు బయటికి తిప్పుతారు. ఒత్తు బొచ్చులో రంధ్రం పైకి కనిపించకపోవచ్చు, కాని తోలువైపు అది దాగదు. కొనుగోలుదారు పరిమాణం, రంగు, బొచ్చు ఒత్తుదనంతోపాటు రంధ్రాలు, చీలికలు, నెత్తురు మరకలు చూసి తరగతి నిర్ణయిస్తాడు.

చిన్న రంధ్రాన్ని ఆరబెట్టకముందే లోపలివైపు నుంచి కుడితే నష్టం దాదాపు ఉండదు. పిడికిలి పట్టేంత రంధ్రం పడితే కుట్టినా తోలు ముడుచుకుపోతుంది, పరిమాణం తగ్గుతుంది, తరగతి దిగిపోతుంది. వీపు, పక్కల మీద పడ్డ పెద్ద గాయం పొట్ట కింద పడ్డదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. కాబట్టి వేటగాడి సమస్యను ఒక్క మాటలో ఇలా చెప్పవచ్చు: గుండు లోపలికి పోవాలి, బయటికి రాకూడదు.

3. తూటాకు ముందు – ఉచ్చు, విషం:

తోలుకు చిల్లు పడకుండా జంతువును చంపడం అనే సమస్యకు 19వ శతాబ్దం చూపిన పరిష్కారం తుపాకి కాదు. మొదటి పరిష్కారం ఇనుప ఉచ్చు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన సివెల్ న్యూహౌస్ 1820ల నుంచి చేతితో తయారు చేసిన ఉక్కు ఉచ్చులను తరువాత ఒనైడా అనే సాముదాయిక సంఘం పెద్దఎత్తున ఉత్పత్తి చేసింది. ఉచ్చు కాలిని పట్టేది, తోలు ప్రధాన భాగానికి హాని చేసేది కాదు.

రెండో పరిష్కారం విషం. దీనికి తెలుగు పాఠకులకు పరిచితమైన మూలం ఉంది. దక్షిణ భారతదేశపు అడవులలో పెరిగే ముషిణి చెట్టు గింజలలో స్ట్రిక్నిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్తియే, కావంతూ 1818లో స్ట్రిక్నిన్‌ను వేరుచేశారు. భారతదేశం నుంచి ఎగుమతి అయిన ముషిణి గింజలు 19వ శతాబ్దపు స్ట్రిక్నిన్ తయారీకి ముఖ్యమైన ముడిసరుకుగా ఉండేవి. 1860లు, 1870లలో అమెరికా మైదానాలలో ‘వుల్ఫర్లు’ అని పేరుపడ్డ వేటగాళ్లు బైసన్ కళేబరాలకు ఈ విషం పట్టించి వదిలేవారు. తెల్లవారాక చుట్టూ గడ్డకట్టి పడి ఉన్న తోడేళ్ల, కయోటీల తోళ్లు వలుచుకునేవారు. ఆ తోలుకు ఒక్క చిల్లు కూడా ఉండేది కాదు. తోలు దృష్టితో చూస్తే విషమే నిర్దోషమైన సాధనం. కాని ఆ కళేబరాన్ని తిన్న గద్ద, డేగ, కుక్క, నక్క అన్నీ చనిపోయేవి.

20వ శతాబ్దంలో విషం ప్రభుత్వ సాధనమైంది. 1915లో అమెరికా కాంగ్రెస్ వేటజంతువుల నిర్మూలన కోసం జీవశాస్త్ర సర్వే సంస్థకు ప్రత్యేక నిధులు కేటాయించింది. 1931లో జంతునష్ట నియంత్రణ చట్టం వచ్చింది. 1940ల మధ్య నుంచి ‘సమ్మేళనం 1080’ అనే సోడియం ఫ్లోరోఅసిటేట్ కూడా వాడుకలోకి వచ్చింది. నిర్మూలనే ధ్యేయమైన ఈ దశలో తోలు నాణ్యత అప్రధానమైపోయింది. ఈ కాలంలో రైఫిల్ కయోటీ వేటకు అనుబంధంగా మాత్రమే నిలిచింది.

4. గుండు నిర్మాణం – డమ్‌డమ్ నుంచి హేగ్ వరకు:

తోలుపై తూటా ప్రభావం గుండు నిర్మాణంపై ఆధారపడుతుంది. ఈ నిర్మాణ చరిత్రలో ఒక కీలక ఘట్టం భారతదేశంలోనే జరిగింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగరాని మందును రూపొందించాక గుండు వేగం బాగా పెరిగింది. మెత్తని సీసం ఆ వేగానికి గొట్టంలో కరిగి అంటుకునేది. దానికి విరుగుడుగా సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగు వేసే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడువార్డ్ రూబిన్ 1880లలో చేసిన ప్రయోగాలు ఇందుకు దారితీశాయి.

పూర్తి తొడుగు ఉన్న గుండు శరీరంలోంచి నేరుగా దూసుకుపోయి చిన్న గాయం చేస్తుంది. వాయవ్య సరిహద్దు యుద్ధాలలో బ్రిటిష్ సైనికాధికారులు దీనినే లోపంగా ఎంచారు. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బర్టీ-క్లే 1890ల మధ్యలో గుండు ముక్కుదగ్గర తొడుగు తీసేసి సీసం బయటపడేటట్టు చేశాడు. తగిలిన చోట అది పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 1899 హేగ్ సమావేశం ఇటువంటి గుండ్లను రాజ్యాల మధ్య యుద్ధాలలో వాడరాదని ప్రకటన చేసింది.

ఆ ప్రకటన వేటకు వర్తించలేదు. ఫలితంగా 20వ శతాబ్దంలో గుండు రెండు దారులుగా చీలింది. సైన్యానికి పూర్తి తొడుగు గుండు, వేటకు విచ్చుకునే గుండు. యుద్ధంలో అమానుషమని నిషేధించిన గుణమే వేటలో దయగా పరిగణన పొందింది. జంతువు వెంటనే చావాలంటే గుండు విచ్చుకోవాలన్నది అందులోని తర్కం. కయోటీ తోలు వేటగాడు ఈ రెండు దారుల మధ్య నిలబడవలసి వచ్చింది. విచ్చుకునే గుండు ప్రాణాన్ని త్వరగా తీస్తుంది కాని తోలును చింపుతుంది. పూర్తి తొడుగు గుండు తోలును కాపాడవచ్చు కాని ప్రాణాన్ని త్వరగా తీయకపోవచ్చు.

5. వుడ్‌చక్ పొలాలలో పుట్టిన తూటాలు (1930–1965):

ఈ చిక్కుకు పరిష్కారం కయోటీ ప్రాంతంలో పుట్టలేదు. అమెరికా తూర్పు రాష్ట్రాల పచ్చిక పొలాలలో బొరియలు తవ్వే వుడ్‌చక్ అనే బలిసిన ఎలుకజాతి జంతువును దూరం నుంచి కాల్చడం అక్కడివారికి వేసవి వ్యాపకం. ఆ జంతువు తోలుకు విలువ లేదు. అక్కడి అవసరాలు రెండు. గుండు దాదాపు సరళరేఖలో దూరం పోవాలి. నేలకు తగిలి ఎగిరి పొరుగు పొలంలోని మనిషికో పశువుకో తగలకూడదు. తక్కువ బరువు, పలుచని తొడుగు, అధిక వేగం గల గుండు ఈ రెండు అవసరాలనూ తీర్చింది. అది దేనికి తగిలినా అక్కడే పొడి అయిపోతుంది.

ఈ కోవలో మొదటిది .22 హార్నెట్. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారానికి చెందిన ఔత్సాహికుల ప్రయోగాల ఫలితంగా 1930లో వించెస్టర్ సంస్థ దీనిని మార్కెట్లోకి తెచ్చింది. 1935లో అదే సంస్థ తెచ్చిన .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల (సుమారు 3.1 గ్రాముల) గుండును సెకనుకు 1,250 మీటర్ల వేగంతో పంపింది. ఆ కాలానికి అది అసాధారణ వేగం. 1950లో రెమింగ్టన్ ఇంజినీరు మైక్ వాకర్ .222 రెమింగ్టన్‌ను రూపొందించాడు. దాని నుంచి సైనిక అవసరాల కోసం పెరిగినదే .223 రెమింగ్టన్. ఏఆర్-15 తుపాకితో దాని చరిత్ర ముడిపడి ఉంది. 1930ల నుంచి ఔత్సాహికులు సొంతంగా తయారు చేసుకుంటున్న .22-250ను 1965లో రెమింగ్టన్ ప్రామాణిక తూటాగా స్వీకరించింది.

ఈ వరుసలో ఒక్క తూటా కూడా బొచ్చుతోలును దృష్టిలో పెట్టుకుని రూపొందినది కాదు. పొలాల భద్రత కోసం పొడి అయ్యేటట్టు చేసిన గుండు, కయోటీ శరీరంలో ప్రవేశించాక లోపలే పొడి అయి అవతలివైపు తోలును చేరదన్న సంగతి అనుకోని ప్రయోజనం మాత్రమే. సాంకేతిక చరిత్రలో ఒక వస్తువు పుట్టుక, దాని తరువాతి ఉపయోగం వేర్వేరుగా ఉండడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

ఇదే కాలంలో మరో మార్పు జరిగింది. గాయపడిన కుందేలు అరుపును అనుకరించే పిలుపు సాధనాలు 1950లలో టెక్సాస్ నుంచి వాణిజ్యపరంగా ప్రచారం పొందాయి. అరుపు విని కయోటీ వేటగాడికి దగ్గరగా వస్తుంది. మూడువందల మీటర్ల దూరపు కాల్పు కోసం పుట్టిన అతివేగ తూటా ఇప్పుడు యాభై, వంద మీటర్లలో పేలవలసి వచ్చింది. దగ్గరలో గుండు వేగం గరిష్ఠంగా ఉంటుంది కాబట్టి తోలుపై దాని ప్రభావం కూడా తీవ్రమైంది.

6. 1970ల మలుపు – చట్టం, గిరాకీ:

1971 నుంచి 1975 వరకు వరుసగా జరిగిన మార్పులు రైఫిల్‌ను తోలు వేట కేంద్రంలోకి తెచ్చాయి. 1971లో విమానాల నుంచి జంతువులను కాల్చడాన్ని ప్రభుత్వ అనుమతి లేనివారికి నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ 11643వ సంఖ్య గల కార్యనిర్వాహక ఉత్తర్వు ద్వారా సమాఖ్య భూములలో వేటజంతువులపై విషప్రయోగాన్ని ఆపివేశాడు. మరుసటి నెలలో పర్యావరణ పరిరక్షణ సంస్థ స్ట్రిక్నిన్, సైనైడ్, 1080లను ఈ ప్రయోజనానికి వాడే అనుమతులు రద్దు చేసింది. 1975లో సైనైడ్ సాధనానికి మాత్రం షరతులతో మళ్లీ అనుమతి లభించింది.

మరోవైపు 1973లో రూపొంది 1975లో అమలులోకి వచ్చిన సైటీస్ ఒప్పందం మచ్చల పులిజాతుల తోళ్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసింది. ఫ్యాషన్ రంగం పొడుగు బొచ్చు తోళ్ల వైపు మొగ్గింది. 1960లలో కొద్ది డాలర్లు మాత్రమే పలికిన కయోటీ తోలు 1970ల చివరికి పదుల డాలర్లకు చేరింది. అంతవరకు కంచెకు వేలాడదీసి వదిలేసిన కళేబరం పశువుల కాపరికి, రైతుకు, గ్రామీణ యువకుడికి చలికాలపు ఆదాయ వనరుగా మారింది.

ఈ సందర్భంలోనే తోలులో ఎంత పెద్ద రంధ్రం పడిందన్నది డబ్బు లెక్కగా మారింది. 1971లో రెమింగ్టన్ విడుదల చేసిన .17 రెమింగ్టన్ సరిగ్గా ఈ మలుపులో అందుబాటులోకి వచ్చింది. 25 గ్రెయిన్ల (1.6 గ్రాముల) గుండు, సెకనుకు సుమారు 1,230 మీటర్ల వేగం. ప్రవేశ రంధ్రం కంటికి ఆనదు, నిష్క్రమణ రంధ్రం సాధారణంగా ఉండదు. ఇది కూడా తొలుత చిన్న జంతువుల దూరపు కాల్పు సంప్రదాయం నుంచే వచ్చింది. తోలు వేటగాళ్లు దానిని తమదిగా చేసుకున్నారు.

7. ఎంపికలోని తర్కం:

వేటగాళ్ల అనుభవంలో స్థిరపడిన ఎంపికను మూడు మార్గాలుగా వర్గీకరించవచ్చు. వాటి మధ్య తేడాను గుండు శక్తి లెక్కలు కొంతవరకు వివరిస్తాయి. గొట్టం కొసన కొలిచిన వేగం ఆధారంగా ఉజ్జాయింపు శక్తి ఇలా ఉంటుంది:

.22 హార్నెట్ (45 గ్రెయిన్లు): సుమారు 980 జౌళ్లు.
.17 రెమింగ్టన్ (25 గ్రెయిన్లు): సుమారు 1,230 జౌళ్లు.
.223 రెమింగ్టన్ (55 గ్రెయిన్లు): సుమారు 1,740 జౌళ్లు.
.22-250 రెమింగ్టన్ (55 గ్రెయిన్లు): సుమారు 2,240 జౌళ్లు.
.243 వించెస్టర్ (100 గ్రెయిన్లు): సుమారు 2,640 జౌళ్లు.

కయోటీ ఛాతీ అడ్డకొలత జానెడుకు మించదు. ఈ శక్తిలో ఎంత భాగం ఆ జానెడు లోపల ఖర్చవుతుంది, ఎంత మిగిలి అవతలి తోలును చేరుతుంది అన్నదే అసలు ప్రశ్న. శక్తి మొత్తం కన్నా అది ఖర్చయ్యే చోటు ముఖ్యం.

మొదటి మార్గం పొడి అయ్యే తేలిక గుండు. తోలు, పక్కటెముక దాటాక గుండు ముక్కలై గుండె, ఊపిరితిత్తులను ధ్వంసం చేసి అక్కడే ఆగిపోతుంది. 1984లో నోస్లర్ సంస్థ తెచ్చిన ప్లాస్టిక్ మొనగల బాలిస్టిక్ టిప్, 1990లలో హార్నడీ తెచ్చిన వి-మ్యాక్స్ వంటి గుండ్లు ఈ లక్షణాన్ని మరింత నమ్మదగినదిగా చేశాయి. 2004లో రూగర్, హార్నడీ కలిసి తెచ్చిన .204 రూగర్ కూడా ఈ మార్గంలోదే. దీనికి ఒక బలహీనత ఉంది. గుండు భుజపు ఎముకకు తగిలితే లోపలికి పోకముందే పగిలి, ఉపరితలం మీదే వెడల్పాటి గాయం చేస్తుంది. తోలూ పోతుంది, జంతువూ వెంటనే చావదు. గాలి ఎక్కువగా వీచే మైదానాలలో తేలిక గుండు పక్కకు కొట్టుకుపోతుంది కూడా.

రెండో మార్గం పూర్తి తొడుగు గుండు. చిన్న రంధ్రం లోపలికి, చిన్న రంధ్రం బయటికి అన్నది దీనిపై ఆశ. ఆచరణలో దీని ప్రవర్తన నిలకడగా ఉండదు. సైనిక .223 తరహా గుండు అధిక వేగంలో శరీరంలో అడ్డం తిరిగి తొడుగు గాడి దగ్గర విరిగిపోతుంది. దూరం పెరిగి వేగం తగ్గాక విరగకుండా దూసుకుపోతుంది. అంటే దగ్గరలో తోలును కాపాడదు, దూరంలో ప్రాణాన్ని త్వరగా తీయదు.

మూడో మార్గం వేగం తగ్గించడం. .22 హార్నెట్ వంటి మితశక్తి తూటాను, పిలుపుకు దగ్గరగా వచ్చిన జంతువుపై వాడడం ఇందుకు ఉదాహరణ. పరిధి తక్కువైనా తోలుకు హాని తక్కువ. తూటాలను సొంతంగా నింపుకునేవారు పెద్ద కోశంలో మందు తగ్గించి ఇదే ఫలితం సాధించారు.

గొట్టం లోపలి మెలిక గాడుల పాత్రను కూడా గుర్తించాలి. తొలినాటి .22 వర్గపు వేట రైఫిళ్లలో గాడి 14 లేదా 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది. 1980లలో సైనిక రైఫిళ్లు 7 అంగుళాలకు ఒక చుట్టుకు మారాయి. ఆ ప్రభావం పౌర రైఫిళ్లపైనా పడింది. సెకనుకు 1,000 మీటర్ల వేగంలో 12 అంగుళాల మెలిక గుండును నిమిషానికి దాదాపు 1,97,000 సార్లు తిప్పితే, 7 అంగుళాల మెలిక 3,37,000 సార్లు తిప్పుతుంది. పలుచని తొడుగు గుండు ఆ భ్రమణానికి తోలు మీదే మరింత తీవ్రంగా పగులుతుంది, కొన్నిసార్లు గాలిలోనే విడిపోతుంది. ఒకే తూటా రెండు తుపాకులలో రెండు రకాల తోళ్లనివ్వడానికి ఇది ఒక కారణం.

8. తోలు విలువ, ప్రాణి బాధ:

తోలుకు హాని తగ్గించడం, జంతువుకు బాధ తగ్గించడం ఒకటేనా అన్న ప్రశ్న ఈ చరిత్ర అంతటా వినిపిస్తుంది. కొన్ని సందర్భాలలో రెండూ కలుస్తాయి. ఛాతీలో సరైన చోట తగిలి లోపలే పొడి అయిన గుండు తోలును కాపాడుతుంది, జంతువును నిలుచున్నచోటే కూల్చుతుంది. మరికొన్ని సందర్భాలలో అవి విడిపోతాయి. రంధ్రం చిన్నదిగా ఉండాలన్న ఆశతో మరీ బలహీనమైన తూటానో, పూర్తి తొడుగు గుండునో ఎంచుకుంటే గాయపడిన కయోటీ పారిపోయి పొదల్లో చస్తుంది. అలా దొరకకుండా పోయిన జంతువు తోలు వేటగాడికి పూర్తి నష్టమే. ఈ లెక్కలో వ్యాపార ప్రయోజనమే క్రూరత్వానికి కొంతవరకు అడ్డుకట్టగా పనిచేసింది. అనుభవజ్ఞులు పూర్తి తొడుగు గుండుకు దూరం జరగడంలో దయతోపాటు ఈ లెక్క కూడా ఉంది.

ఉచ్చుల విషయంలో సమాజం మరింత సూటిగా జోక్యం చేసుకుంది. 1991లో యూరప్ సముదాయం కాలిపట్టు ఉచ్చులను నిషేధించి, వాటిని వాడే దేశాల నుంచి కయోటీతో సహా 13 జాతుల తోళ్ల దిగుమతిపై ఆంక్షలకు నిబంధన చేసింది. 1996లో కొలరాడో, మసాచుసెట్స్, 1998లో కాలిఫోర్నియా రాష్ట్రాల ఓటర్లు ఉచ్చులను కట్టడి చేసే ప్రతిపాదనలను ఆమోదించారు. ఉచ్చుకు దారి మూసుకుపోయిన చోట తోలు కావలసినవారికి రైఫిల్ ప్రాధాన్యం పెరిగింది.

దీనికి సమాంతరంగా నిర్మూలన మార్గం కొనసాగుతూనే ఉంది. 2010లలో అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి సేవల విభాగం ఏటా 60 వేలకు పైగా కయోటీలను చంపింది. వాటిలో గణనీయమైన భాగం ఆకాశం నుంచి కాల్చినవి. అక్కడ తోలు ప్రశ్నే లేదు. ఒకే జంతువు ఒక వ్యవస్థలో సరుకు, మరో వ్యవస్థలో చెత్త.

9. పొడి అయిన సీసం – కొత్త చర్చ:

తోలును కాపాడిన గుండు ఏమైంది? తోలు వలిచాక కళేబరం సాధారణంగా పొలంలోనే మిగిలిపోతుంది. దానిలో పొడి అయిన సీసపు తునకలు ఉంటాయి. గద్దలు, బంగారు డేగలు, కాండర్ రాబందులు ఆ మాంసాన్ని తిని సీసవిషానికి గురవుతాయి. గుండు ఎంత మెత్తగా పొడి అయితే తోలుకు అంత మేలు. కళేబరం తినే పక్షికి అంత కీడు. 1870ల స్ట్రిక్నిన్ కళేబరానికి, ఈ సీసపు కళేబరానికి తీవ్రతలోనూ ఉద్దేశంలోనూ పెద్ద అంతరమే ఉంది. అయినా చిల్లులేని తోలుకు చెల్లించవలసిన మూల్యం మరో ప్రాణిపై పడిందన్న పోలిక కాదనలేనిది.

కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టం 2019 జులై 1 నుంచి వన్యప్రాణులను చంపడానికి సీసపు మందుగుండు వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. దానికి ప్రత్యామ్నాయంగా రాగి, తగరపు పొడిని అదిమి చేసిన గుండ్లు తయారయ్యాయి. అవి సీసం లేకుండానే శరీరంలో పొడి అవుతాయి. కేవలం రాగితో చేసిన దిట్టమైన గుండు మాత్రం పగలదు కాబట్టి అవతలి తోలును చీల్చుకుని పోయే అవకాశం ఎక్కువ.

ఈలోగా తోలు ప్రశ్నకు ఆధారమైన మార్కెట్టే కుంచించుకుపోయింది. 1980ల చివర ధరలు పడిపోయాయి. 2010లలో చలికోట్ల తలతొడుగు అంచులకు కయోటీ బొచ్చు వాడుక పెరగడంతో పడమటి తోళ్లకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2019లో టొరొంటో కేంద్రంగా ఉన్న నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ ఆర్థిక సంక్షోభంలో చిక్కుకుంది. 2021లో కెనడా గూస్ సంస్థ 2022 చివరికల్లా బొచ్చు వాడకం మానేస్తామని ప్రకటించింది. కాలిఫోర్నియా కొత్త బొచ్చు వస్తువుల అమ్మకాన్ని నిషేధిస్తూ 2019లో చేసిన చట్టం 2023లో అమలులోకి వచ్చింది. ధర లేనినాడు తోలును కాపాడే తూటాకు ఆర్థిక కారణం మిగలదు. మిగిలేది వృత్తి నైపుణ్యంపై అభిమానం, చంపినదానిని వృథా చేయరాదన్న నియమం మాత్రమే.

10. ముగింపు:

పై పరిశీలన నుంచి కింది నిర్ధారణలు చేయవచ్చు.

ఒకటి, తోలుకు హాని చేయని తూటా అనేది ఒక ఆవిష్కర్త సంకల్పంతో పుట్టినది కాదు. వుడ్‌చక్ పొలాల భద్రత కోసం వచ్చిన పొడి అయ్యే గుండును, విష నిషేధం, విమాన వేట కట్టడి, బొచ్చు గిరాకీ అనే మూడు పరిస్థితులు 1970లలో కయోటీ వేటలోకి తెచ్చాయి.

రెండు, తోలు నాణ్యత పట్ల శ్రద్ధ ధరతోపాటు పెరిగి ధరతోపాటు తగ్గింది. నిర్మూలన లక్ష్యమైన కాలంలో, ప్రాంతంలో ఆ శ్రద్ధ కనిపించదు. తూటా ఎంపికను సాంకేతిక పురోగతిగా మాత్రమే చెప్పే కథనం ఈ విషయాన్ని మరుగుపరుస్తుంది.

మూడు, తోలు రక్షణ, ప్రాణి బాధ తగ్గింపు పూర్తిగా ఒకటి కావు, పూర్తిగా విరుద్ధమూ కావు. గుండు తగిలే చోటు, దూరం, గుండు నిర్మాణం ఈ మూడూ కుదిరినప్పుడే అవి కలుస్తాయి.

నాలుగు, చిల్లులేని తోలు అనే ఆదర్శానికి ప్రతి యుగంలోనూ ఒక మూల్యం ఉంది. ఉచ్చులో అది చిక్కుకున్న జంతువు గంటల తరబడి పడే బాధ. స్ట్రిక్నిన్‌లో అది కళేబరం చుట్టూ చేరిన ప్రాణులన్నిటి చావు. సీసపు గుండులో అది తినే పక్షి రక్తంలో కలిసిన విషం. తోలువైపు తిప్పి రంధ్రాలు లెక్కపెట్టే కొనుగోలుదారుకు ఈ మూల్యం కనిపించదు. దానిని లెక్కలోకి తీసుకోవలసిన బాధ్యత పర్యావరణ చరిత్రపై ఉంది.